వాక్కు - విశ్వాసం: ఇంటి కుక్క కథకత్వం, కోనసీమ సామాజిక నేపథ్యం

వ్యాససంగ్రహం

విశ్వాసం గల ఇంటి కుక్కను కథకస్థానంలో నిలిపి, దాని చూపులోంచి ఒక కుటుంబం కథ చెప్పడం ఆధునిక నవలాశిల్పంగా కనిపిస్తుంది. ఈ శిల్పానికి వెనుక దీర్ఘమైన చరిత్ర ఉంది. భారతీయ, తెలుగు వాఙ్మయంలో కుక్క మాట్లాడిన సందర్భాలను, మౌనంగా అనుసరించిన సందర్భాలను పక్కపక్కన పెట్టి చూడడం, పాశ్చాత్య జంత్వాత్మకథకు బానిసల విముక్తి సాహిత్యంతో ఉన్న సంబంధాన్ని గుర్తించడం, ఈ రెండింటి వెలుగులో కోనసీమ సామాజిక చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కుక్కకు, పాలేరుకు ‘విశ్వాసం’ అనే ఒకే పదంతో విలువ కట్టిన సమాజంలో విశ్వాసపాత్రమైన కుక్క చెప్పే కథ కేవలం జంతుకథగా మిగలదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: జంత్వాత్మకథ, ఉత్తమపురుష కథనం, సరమ, విశ్వాసం, పాలేరు, కోనసీమ, బోయి భీమన్న.

1. ఉపోద్ఘాతం

నవలలో కథ ఎవరు చెబుతున్నారన్న ప్రశ్న, కథ ఏమిటన్న ప్రశ్నతో సమానమైనది. ఉత్తమపురుషలో కథ చెప్పే పాత్రకు తాను చూసినది మాత్రమే తెలుస్తుంది. చూసినదంతా అర్థం కావాలన్న నియమం లేదు. కథకస్థానంలో కుక్కను నిలిపినప్పుడు ఈ పరిమితి మరింత పెరుగుతుంది. అది ఇంట్లో తిరుగుతుంది, మాటలు వింటుంది, మనుషుల వాసన పట్టి మనసు గ్రహిస్తుంది. ఆస్తి, కులం, అప్పు, పరువు వంటి భావనలు మాత్రం దానికి అందవు. మనిషికి సహజంగా తోచే ఆచారం దాని కళ్లకు వింతగా కనిపిస్తుంది. రష్యన్ విమర్శకుడు విక్టర్ ష్క్లోవ్‌స్కీ 1917లో ‘అపరిచితీకరణ’ సిద్ధాంతాన్ని వివరిస్తూ టాల్‌స్టాయ్ రాసిన ‘ఖోల్‌స్తొమేర్’ కథను ఉదాహరించాడు. అందులో గుర్రం మనుషుల సొంత ఆస్తి భావనను చూసి విస్తుపోతుంది. జంతుకథనపు బలం ఎక్కడుందో ఆ ఉదాహరణ స్పష్టం చేస్తుంది.

కుక్క విషయంలో మరొక చిక్కు ఉంది. తెలుగు సమాజంలో కుక్కకు ఆపాదించిన ప్రధానగుణం విశ్వాసం. తిన్నింటి గుట్టు కాపాడడం విశ్వాసంలో భాగం. ఉపకారం పొందిన ఇంటికి అపకారం తలపెట్టేవారిని ‘తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడు’ అంటాం. ఇంటి కుక్క నోరు తెరిచి ఆ ఇంటి కథ చెప్పడమంటే, అక్షరార్థంలోనే, తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం. కథ చెప్పకపోతే నవల లేదు. చెబితే, లోకం నిర్వచించిన విశ్వాసం నిలవదు. విశ్వాసపాత్రమైన కుక్క కథకత్వంలో ఉన్న మౌలికవైరుధ్యం ఇదే. ఈ వైరుధ్యాన్ని పూర్వవాఙ్మయం ఎలా పరిష్కరించిందో ముందుగా పరిశీలించాలి.

2. పదాలు చెప్పే చరిత్ర

తెలుగులో కుక్కకున్న పేర్లు ఒక సామాజిక శ్రేణిని సూచిస్తాయి. ‘కుక్క’ వాడుకపదం, తిట్టుపదం కూడా. ‘శునకం’, ‘శ్వానం’ గ్రాంథికాలు. వేటకు, కాపలాకు శిక్షణ పొందినది ‘జాగిలం’. నేటి దినపత్రికలు నేరపరిశోధనలో పాల్గొనే కుక్కలను ‘పోలీసు జాగిలాలు’ అనే రాస్తాయి. ‘గ్రామసింహం’ అన్న పేరులో గౌరవంకన్నా వెక్కిరింతే ఎక్కువ. ‘సారమేయం’ అంటే సరమ సంతానం. ఈ పేరు పౌరాణిక వంశవృక్షాన్ని మోసుకొస్తుంది.

శతకకవులు కుక్కను ఎక్కువగా నీచత్వానికి ఉపమానంగా వాడుకున్నారు. బంగారు సింహాసనంపై కూర్చోబెట్టినా పూర్వగుణం మానదన్న సుమతీ శతకపద్యం, చెప్పు కొరికే కుక్కకు చెరకు రుచి తెలియదన్న వేమన పద్యం బడిపిల్లలకు సైతం పరిచితాలు. పుట్టుకతో వచ్చిన స్థానం మారదన్న భావాన్ని చెప్పడానికి కుక్క తేలికగా దొరికిన ప్రతీక అయింది. ‘కుక్క తోక వంకర’ అన్న సామెత చెప్పేదీ అదే.

‘విశ్వాసం’ పదం మరింత పరిశీలనీయం. సంస్కృతంలో దీనికి నమ్మకమని అర్థం. నమ్మకం ఇరువైపులా ఉండవచ్చు. ప్రభుభక్తి అన్న అర్థంలో తెలుగు వాడుక దీన్ని ఒకే దిశలో నడిపింది. కుక్కకు యజమానిపట్ల విశ్వాసం ఉంటుంది. యజమానికి కుక్కపట్ల ఉండేది దయ, ప్రేమ, ముద్దు. నౌకరు విశ్వాసంగా పనిచేస్తాడు. దొర జీతం ఇస్తాడు. కింది నుంచి పైకి ప్రవహించేది విశ్వాసం, పై నుంచి కిందికి దిగేది దయ. ఈ వాడుకలోని అసమానత్వమే వ్యాసంలోని తర్వాతి చర్చకు ఆధారం.

3. వాక్కు పొందిన కుక్కలు

భారతీయ వాఙ్మయంలో మాట్లాడిన తొలి కుక్క సరమ. ఋగ్వేదం పదవ మండలంలోని 108వ సూక్తం సరమకు, పణులకు మధ్య జరిగిన సంవాదం. ఇంద్రుని దూతగా వెళ్లిన సరమను పణులు సోదరిగా చేసుకుంటామని, గోవుల్లో వాటా ఇస్తామని ప్రలోభపెడతారు. ఆమె తిరస్కరిస్తుంది. ఇక్కడ విశ్వాసం మూగవిధేయత కాదు. ప్రతిపాదన విని, తూచి, కాదన్న నిర్ణయం. దానికి మాట అవసరమైంది.

అదే సరమ తెలుగు ఆదికావ్యంలో తల్లిగా కనిపిస్తుంది. 11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుని కోరికపై రాజమహేంద్రవరంలో నన్నయ ప్రారంభించిన ఆంధ్రమహాభారతం ఆదిపర్వంలో, జనమేజయుని సత్రయాగశాలకు ఆమె కొడుకు సారమేయుడు ఆడుకుంటూ వస్తాడు. రాజు తమ్ముళ్లు వాణ్ణి కొడతారు. సంస్కృత మూలంలో ఆ పిల్ల తాను హవిస్సును నాకలేదని, దానివైపు చూడను కూడా లేదని తల్లికి విన్నవించుకుంటుంది. సరమ నేరుగా రాజు ముందుకు వచ్చి నిలదీస్తుంది. తగునో తగదో ఆలోచించకుండా సాధువులకు, పేదలకు కీడు చేసేవారికి కారణం తెలియని భయాలు వచ్చిపడతాయని నన్నయ సరమ హెచ్చరిస్తుంది. ఆ మాటలకు భయపడిన రాజు శాంతికోసం పురోహితుని వెతుక్కుంటాడు.

ఈ ఘట్టంలో మూడంశాలు గమనార్హం. మొదటిది, కుక్క రాజును సంబోధించడం. రెండవది, ఫిర్యాదు తన ఒక్క బిడ్డ విషయమే అయినా, దాన్ని బలహీనులందరికీ వర్తించే ధర్మసూత్రంగా చెప్పడం. మూడవది, ఆ మాటకు రాజు విలువ ఇవ్వడం. గోదావరి పాయలుగా చీలి డెల్టాలోకి దిగే ముఖద్వారాన వెలసిన తెలుగు ఆదికావ్యంలో, కథారంభానికి దగ్గరలోనే, న్యాయం అడిగిన గొంతు ఒక ఆడకుక్కది కావడం చిన్న విషయం కాదు.

రెండవ ఉదాహరణ నారాయణపండితుని హితోపదేశం, సుహృద్భేదంలోనిది. చాకలి ఇంట్లో దొంగ పడతాడు. మొరగవేమని గాడిద కుక్కను అడుగుతుంది. చాలాకాలంగా ఆపద రాక యజమాని తన ఉపయోగం మరచాడని, తిండి కూడా సరిగా పెట్టడంలేదని కుక్క జవాబిస్తుంది. ఆపద్సమయంలో జీతం అడిగేవాడేం సేవకుడని గాడిద మందలించి, తానే ఓండ్రపెట్టి, నిద్ర చెడిన యజమాని చేతిలో దెబ్బలు తింటుంది. పరుల పనిలో తలదూర్చరాదన్న నీతి కోసం ఈ కథ చెబుతారు. నీతిని పక్కన పెట్టి కుక్క మాట మాత్రమే వింటే, అది కూలి గురించిన వాదన. కాపలా ఒక పని, తిండి దాని వేతనం, వేతనం ఆగితే పని ఆగుతుంది. విశ్వాసాన్ని ఒప్పందంగా చూసిన కుక్క ఇది.

మూడవది పాల్కురికి సోమనాథుని బసవపురాణం. కులగర్వంతో వేదాధికారాన్ని తమకే పరిమితం చేసుకున్నవారి ఎదుట శివభక్తుడు కుక్కచేత వేదం చదివిస్తాడు. ఎవరి నోట వేదం వినపడకూడదని శాస్త్రం శాసించిందో, వారికన్నా హీనంగా లెక్కించిన ప్రాణి నోట అది పలికించడంలోని ధిక్కారం వీరశైవోద్యమ స్వభావానికి తగినదే.

న్యాయం, వేతనం, విద్య: పూర్వవాఙ్మయంలో కుక్కకు వాక్కు లభించిన ఈ మూడు సందర్భాలూ హక్కుకు సంబంధించినవి.

4. మౌనంగా అనుసరించిన కుక్క

మహాభారతం ఒక కుక్క ఫిర్యాదుతో మొదలై మరో కుక్క మౌనంతో ముగింపుకు చేరుతుంది. మహాప్రస్థానిక పర్వంలో పాండవుల వెంట హస్తినాపురం నుంచి ఒక కుక్క బయలుదేరుతుంది. ద్రౌపది, తమ్ముళ్లు ఒక్కొక్కరే నేలకూలినా అది ధర్మరాజును వదలదు. కుక్కతో స్వర్గప్రవేశం లేదని ఇంద్రుడు చెబుతాడు. ఆశ్రయించిన భక్తుని విడవడం మహాపాపమని ధర్మరాజు నిరాకరిస్తాడు. అప్పుడు కుక్క ధర్మదేవతగా నిజరూపం చూపుతుంది. తెలుగులో ఈ ఘట్టాన్ని తిక్కన నడిపించాడు.

ఈ కథ భారతీయ మానసంలో విశ్వాసశునకానికి శాశ్వతమైన చిత్రం. అయితే కుక్కగా ఉన్నంతసేపూ ఆ కుక్క ఒక్క మాట అనదు. దాని తరఫున ధర్మరాజు మాట్లాడతాడు. అది నోరు తెరిచేసరికి కుక్క కాదు, దేవుడు. సరమ కుక్కగానే మాట్లాడింది. ఇది మాట్లాడడానికి కుక్కతనాన్ని వదులుకోవలసి వచ్చింది.

చరిత్రలోనూ ఇటువంటి మౌనస్మృతి ఉంది. తెలుగు నేలకు పొరుగున, కర్ణాటకలోని ఆతకూరులో దొరికిన 949-50 నాటి శిలాశాసనం ‘కాళి’ అనే వేటకుక్కను స్మరిస్తుంది. గంగరాజు బూతుగుని వద్ద నుంచి ఆ కుక్కను మణలేరుడనే వీరుడు కోరి తీసుకున్నాడు. అడవిపందితో పోరాడి రెండూ చనిపోగా, మణలేరుడు రాయి నిలిపి, దాని పూజకు భూమి ఏర్పాటు చేశాడు. శాసనంపై కుక్క, పంది తలపడిన శిల్పం ఉంది. విశ్వాసానికి దక్కిన గౌరవం ఇక్కడ ఘనమైనదే. అయితే దాన్ని పలికినవాడు యజమాని. అది పలికినది కుక్క చనిపోయాక.

ఈ రెండు సంప్రదాయాలను పక్కపక్కన ఉంచితే ఒక క్రమం కనిపిస్తుంది. కుక్క హక్కు అడిగినప్పుడు వాక్కు ఉంది. కుక్క విశ్వాసాన్ని ఇతరులు కొనియాడినప్పుడు మౌనం ఉంది. ఋగ్వేద సరమ ఒక్కతే రెంటినీ కలిపింది. విశ్వాసపాత్రమైన కుక్కను కథకునిగా ఎన్నుకునే నవలాకారుడు తెలిసో తెలియకో ఈ రెండు పాయల సంగమస్థానంలో నిలబడతాడు.

5. పాశ్చాత్య జంత్వాత్మకథ: బానిస కథనంతో బంధుత్వం

నవలాప్రక్రియ మనకు పాశ్చాత్యుల నుంచి వచ్చింది కనుక, అక్కడ కుక్క కథకత్వం ఎలా ఎదిగిందో చూడడం అవసరం. స్పానిష్ రచయిత సెర్వాంటెస్ 1613లో వెలువరించిన కథాసంపుటిలోని కుక్కల సంభాషణలో, బెర్గాంసా అనే కుక్క తాను కొలిచిన యజమానుల కథలు ఒక రాత్రంతా మరో కుక్కకు చెబుతుంది. మందను కాయవలసిన కాపరులే గొర్రెలను చంపి, నేరం తోడేళ్లపై నెట్టడాన్ని అది కళ్లారా చూస్తుంది. మాట రాని కారణంగా అప్పుడు చెప్పలేకపోయింది. కుక్క ప్రత్యక్షసాక్షి, వాక్కు లేకపోవడమే నేరస్థుని ధీమా.

19వ శతాబ్దంలో జంత్వాత్మకథ ఒక ఉద్యమసాధనమైంది. అన్నా సూయెల్ రాసిన గుర్రం ఆత్మకథ ‘బ్లాక్ బ్యూటీ’ 1877లో వెలువడింది. 1890లో అమెరికాలో దాన్ని విస్తృతంగా పంచిన జార్జ్ ఏంజెల్, బానిసత్వాన్ని ఎండగట్టిన ప్రసిద్ధ నవలను గుర్తుచేస్తూ దీన్ని గుర్రాల ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’గా ప్రచారం చేశాడు. 1893లో కెనడా రచయిత్రి మార్షల్ సాండర్స్ ‘బ్యూటిఫుల్ జో’ రాసింది. క్రూరుడైన యజమాని చెవులు, తోక కోసివేయగా, మరో కుటుంబం చేరదీసిన కుక్క తన కథ తానే చెబుతుంది. ఆ నవలకు జీవకారుణ్యసంస్థ బహుమతి లభించింది. మనదేశంలోనూ ఇదే కాలంలో, 1890లో, జంతుహింస నిరోధానికి చట్టం వచ్చింది. దాని స్థానంలో స్వతంత్రభారతం 1960లో కొత్త చట్టం చేసింది.

ఈ గ్రంథాల ప్రచారంలో బానిసత్వ వ్యతిరేక సాహిత్యం పేరు వినిపించడం యాదృచ్ఛికం కాదు. యజమాని మారడం, దెబ్బలు, బిడ్డల నుంచి విడదీత, చివరకు దయగల ఇల్లు దొరకడం అన్న కథాక్రమం తప్పించుకున్న బానిసల ఆత్మకథల నుంచి చాలా తీసుకుంది. అక్కడే ఒక తేడా కూడా ఉంది. బానిస ఆత్మకథ స్వేచ్ఛతో ముగుస్తుంది. కుక్క ఆత్మకథ మంచి యజమానితో ముగుస్తుంది. యాజమాన్యం అన్న భావనను అది ప్రశ్నించదు.

ఈ లోపాన్ని గ్రహించి రాసిన కథ మార్క్ ట్వైన్ ‘ఎ డాగ్స్ టేల్’. 1903లో వచ్చిన ఈ కథలో ఇంటి కుక్కే కథకురాలు. నిప్పంటుకున్న గదిలోంచి యజమాని పసిబిడ్డను ఈడ్చుకొస్తుంది. అపార్థం చేసుకున్న యజమాని దాన్ని కర్రతో కొడతాడు. నిజం తెలిశాక మెచ్చుకుంటారు. కొన్నాళ్లకు శాస్త్రజ్ఞుడైన ఆ యజమానే ప్రయోగం పేరిట దాని పిల్లను గుడ్డిదాన్ని చేయగా, పిల్ల చనిపోతుంది. నౌకరు దాన్ని తోటలో పాతిపెడతాడు. విత్తనం మొలిచినట్లు తన పిల్ల మళ్లీ లేచివస్తుందని తల్లి అక్కడే కాచుకుని ఉంటుంది. ఆ ఇంట్లో కన్నీరు పెట్టేది నౌకర్లే.

ఈ తల్లిని నన్నయ సరమ పక్కన నిలపడం ప్రయోజనకరం. ఇద్దరి బిడ్డలకూ నేరం లేకుండానే శిక్ష పడింది. సరమకు అన్యాయం అర్థమైంది, రాజసభలో అడిగింది. ట్వైన్ కథకురాలికి అర్థం కాలేదు. విశ్వాసం ఆమె కళ్లు మూసింది. అర్థమయ్యే భారం పాఠకునిపై పడింది. విశ్వాసశునక కథనంలో రెండు మార్గాలున్నాయని ఈ పోలిక చూపుతుంది: కుక్కే అడగడం, లేదా కుక్క అడగలేని దాన్ని పాఠకుడు అడిగేలా చేయడం. ఈ రెండూ లేని కథ యజమాని స్వోత్కర్షగా మిగులుతుంది.

6. కోనసీమ: కుక్కకు, పాలేరుకు ఒకే కొలమానం

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ, వైనతేయకు ఇరువైపులా విస్తరించిన అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలు కోనసీమ. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువలు సాగాక వరి, కొబ్బరి ఈ ప్రాంతపు సిరి అయ్యాయి. ఆ సిరి వెనుక ఏడాది జీతానికి కుదిరిన పాలేర్ల శ్రమ ఉంది. వారిలో అధికులు దళితులు. పశువుల మేత, దొడ్డి శుభ్రం, నీటికాపలా, రాత్రి చావడి కావలి వారి పనులు. వేతనంలో ధాన్యం ఒక భాగం. మిగిలిన అన్నం మరొక భాగం. ఆ సంబంధానికి లోకం పెట్టిన పేరు విశ్వాసం. ‘ఉప్పు తిన్న విశ్వాసం’ అన్న మాటను కుక్కకూ, పాలేరుకూ తేడా లేకుండా వాడారు.

ఈ జంటప్రస్తావన ఊరి వాడుకతో పుట్టినది కాదు. మనుస్మృతి పదవ అధ్యాయం చండాలుర నివాసం ఊరి వెలుపలనీ, కుక్కలు, గాడిదలే వారి ధనమనీ విధించింది. మూడవ అధ్యాయం బ్రాహ్మణుల భోజనసమయంలో చండాలుడు, పంది, కోడి, కుక్క చూడరాదని ఒకే వరుసలో నిషేధించింది. ‘శ్వపచుడు’ అన్న కులవాచకంలోనే కుక్క ఉంది. పండితుని సమదృష్టిని చెప్పే గీతాశ్లోకంలోనూ కుక్క, శ్వపాకుడు పక్కపక్కనే ఉంటారు. ఆదిశంకరునికి కాశీలో నాలుగు కుక్కలతో ఎదురైన చండాలుడు శివుడేనన్న ఐతిహ్యం ఈ జంటను తలకిందులు చేసింది. హీనమనుకున్నవారు ఈశ్వరుడు, వెంట ఉన్న కుక్కలు వేదాలు. నిషేధమైనా, తత్త్వమైనా, ధిక్కారమైనా కుక్క చరిత్ర, అస్పృశ్యుని చరిత్ర ఒకే వాక్యంలో నడిచాయి.

వాస్తవజీవితంలో ఆ వాక్యం ఇంకా కఠినమైనది. జంతువుకు ఉన్న ప్రవేశం మనిషికి లేదు. పశువులు తాగే చెరువునీటిని మనుషులు తాగరాదన్న నిషేధంపైనే 1927లో మహద్ సత్యాగ్రహం జరిగింది. తెలుగులో ఈ వైరుధ్యాన్ని కావ్యవస్తువుగా మలచినవాడు గుర్రం జాషువ. 1941లో వెలువడిన ‘గబ్బిలం’లో కథానాయకునికి గుడిప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. అందుకే అది అతని దూత అయింది. అక్కడ జంతువు మనిషి గొంతును లోపలికి మోసుకుపోయింది. ఆ గొంతును కాజేయలేదు. జంతువును పాత్రగా తీసుకునే తెలుగు రచయితకు జాషువ చూపిన ఈ మర్యాద మార్గదర్శకం.

కోనసీమలో ఈ చరిత్రకు నిర్ణాయకమైన మలుపు బోయి భీమన్న. రాజోలు ప్రాంతంలోని మామిడికుదురులో 1911లో పుట్టిన భీమన్న ‘పాలేరు’ నాటకంలో చదువుకొని అధికారిగా ఎదిగిన పాలేరును రంగస్థలంపై నిలిపాడు. పాలేరు విశ్వాసాన్ని పొగిడే సాహిత్యానికి అది సూటి జవాబు. పాలేరుకు కావలసినది మెచ్చుకోలు కాదు, బడి. ‘గుడిసెలు కాలిపోతున్నాయి’ కావ్యానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న ఈ కవి తన ఆత్మకథకు ‘పాలేరు నుండి పద్మశ్రీ వరకు’ అని పేరు పెట్టుకున్నాడు. ‘వాడు మా నమ్మకస్తుడు’ అని యజమాని చెప్పిన కథలో ప్రథమపురుషగా ఉన్నవాడు ‘నేను’ అని మొదలుపెట్టాడు. కోనసీమ సాహిత్యచరిత్రలో ఇది సర్వనామం మారిన ఘట్టం.

అందువల్ల ఈ నేలపై ఇంటి కుక్క కథ రాసేవారికి ఒక బాధ్యత ఏర్పడుతుంది. సేవకుడు తన కథ తానే చెప్పుకున్న తరువాత, చెప్పుకోలేని మరో సేవకుని కోసం వెతికి, పాత విశ్వాసగాథను కుక్క నోట మళ్లీ పలికించడం వెనుకచూపు అవుతుంది. ‘అప్పటి పాలేర్లు కుక్కల్లా విశ్వాసంగా ఉండేవారు’ అన్న మాటలోని బెంగ కథనమార్గంలో తిరిగి ప్రవేశిస్తుంది. కుక్కపై ప్రేమ నిజమైనదే కావచ్చు. ఆ ప్రేమ చాటున ఏ వ్యవస్థ పట్ల బెంగ దాగుందో పరిశీలించడం విమర్శకుని పని.

7. కోనసీమ చరిత్రకు సాక్షిగా ఇంటి కుక్క

పై బాధ్యతను గుర్తించిన రచయితకు కోనసీమ అపారమైన వస్తువును అందిస్తుంది. ఇంటి కుక్క చూపుకే ప్రత్యేకంగా అందే విషయాలు కనీసం నాలుగున్నాయి.

మొదటిది వాకిలి. కుక్క ఎవరిని చూసి మొరుగుతుందన్నది సామాజికమైన ప్రశ్న. ఇంటివారు ఎవరిని లోపలికి పిలుస్తారో, ఎవరిని అరుగు దగ్గర నిలబెడతారో, ఎవరితో దొడ్డిదారిన మాట్లాడతారో చూసి కుక్క నేర్చుకుంటుంది. దానికి కులం తెలియదు. కులం నేర్పిన అలవాటు తెలుస్తుంది. తాను మొరిగిన మనిషే తనకు రోజూ అన్నం కలిపి పెట్టే పాలేరు తమ్ముడని తెలిసిన కుక్క కథకత్వం ఎంత లోతుకు వెళ్లగలదో ఊహించవచ్చు. 2022 ఏప్రిల్ 4న కోనసీమ ప్రత్యేక జిల్లా అయింది. దానికి అంబేద్కర్ పేరు పెట్టే ప్రతిపాదనపై అదే ఏడాది మే 24న అమలాపురంలో దహనకాండ జరిగింది. ఎవరిని చూసి ఎవరు మొరుగుతారన్న ప్రశ్న గతానిది మాత్రమే కాదు.

రెండవది అన్నం. కుక్కకు పెట్టే ముద్ద ఇంటి ఆర్థికస్థితికి సూచిక. ఇంటిల్లిపాదీ తిన్నాక మిగిలినది పాలేరుకు, ఆపైన కుక్కకు చేరే ఇంట్లో, మిగులు తగ్గిన రోజు ముందుగా తెలిసేది ఆ ఇద్దరికే. హితోపదేశపు కుక్క అడిగిన వేతనప్రశ్న ఇక్కడ మళ్లీ వినిపిస్తుంది.

మూడవది విపత్తు. 1986 ఆగస్టు వరదలో లంకగ్రామాలు మునిగాయి. 1996 నవంబరు 6 రాత్రి తుపానులో వెయ్యిమందికి పైగా మరణించారు. లక్షలాది కొబ్బరిచెట్లు నేలకొరిగాయి. 1995 జనవరి 8న పాశర్లపూడి వద్ద చమురుబావిలో ఎగసిన మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. ఆ గ్రామం భీమన్న పుట్టిన మామిడికుదురు మండలంలోనిదే. రాత్రి ఎరగని రెండు నెలల వెలుగు, చెట్టు లేని తోట, వాసన మారిన గాలి: ఇవి అంకెల్లో నమోదు కావు. వాసన, చప్పుడు, వెలుగు ఆధారంగా బతికే ప్రాణి చూపులో ఇవే ప్రధానసంఘటనలు. వరదలో పడవ ఎక్కించుకునే క్రమం మరో పరీక్ష. ముసలివాళ్లు, పిల్లలు, పశువులు, సామాను ఎక్కాక గట్టున మిగిలేది ఎవరు? ఇంద్రుడు ధర్మరాజును అడిగిన ప్రశ్నకు ప్రతి కుటుంబమూ ఆ రోజు జవాబు చెప్పవలసి వస్తుంది.

నాలుగవది ఎదురుచూపు. జపాన్‌లో హచికో అనే కుక్క, 1925లో యజమాని మరణించిన తరువాత, తాను చనిపోయిన 1935 వరకు షిబుయా రైల్వేస్టేషన్ వద్ద కాచుకున్న ఉదంతం ప్రపంచమంతటికీ తెలుసు. కోనసీమలో ఎదురుచూపుకు సామాజిక కారణాలున్నాయి. చదువుకున్న పిల్లలు హైదరాబాదు, అమెరికా చేరారు. పేదకుటుంబాల స్త్రీలు ఎందరో ఇంటిపనికి కువైట్ వంటి గల్ఫ్ దేశాలకు వెళ్లారు. పెద్దఇంటి అరుగుమీద కుక్క ముసలివారితో కలిసి ఎదురుచూస్తుంది. చిన్నఇంటి వాకిట కుక్క పిల్లలతో కలిసి ఎదురుచూస్తుంది. పరాయిదేశంలో మరొకరి ఇంట విశ్వాసంగా పనిచేస్తున్న తల్లికోసం ఇక్కడ ఒక కుక్క విశ్వాసంగా కాచుకుని ఉండడం, ఈ వ్యాసంలో చర్చించిన పదానికి నేటి కోనసీమ ఇచ్చిన అర్థం.

పేర్ల విషయం కూడా ఇక్కడ ప్రస్తావించదగినది. తెలుగు ఇళ్లలో పెంపుడు కుక్కలకు టామీ, జిమ్మీ, టైగర్ వంటి పేర్లు పెట్టి, ‘కమ్’, ‘సిట్’, ‘గో’ అని ఇంగ్లిషులో ఆజ్ఞాపించడం పరిపాటి. ఇంట్లో ఇంగ్లిషు రానివారు సైతం కుక్కతో ఆ భాషే వాడతారు. ఆజ్ఞకు ఒక భాష, ముద్దుకు మరో భాష ఉన్న ఈ స్థితి వలసపాలన మిగిల్చిన జాడ. కుక్క కథకుడైతే ఏ తెలుగులో మాట్లాడాలన్నది రచయిత తేల్చుకోవలసిన శైలీసమస్య. దొర భాషలో మాట్లాడుతుందా, తనకు అన్నం పెట్టిన చేతి భాషలోనా అన్నదానిపై నవల దృక్పథం ఆధారపడుతుంది.

8. ముగింపు

ఈ పరిశీలన నుంచి కొన్ని నిర్ణయాలకు రావచ్చు.

ఒకటి, కుక్క కథకత్వం తెలుగువారికి పూర్తిగా కొత్తది కాదు. ఋగ్వేదం, ఆంధ్రమహాభారతం, హితోపదేశం, బసవపురాణం మాట్లాడే కుక్కను ఎరుగును. ఆ కుక్కల వాక్కు నిర్ణయం, న్యాయం, వేతనం, విద్య అన్న విషయాలతో ముడిపడింది.

రెండు, విశ్వాసం ప్రశంసాపాత్రమైన చోట కుక్క మౌనంగా ఉంది. మహాప్రస్థాన శునకం, ఆతకూరు శాసనంలోని కాళి ఇందుకు ఉదాహరణలు.

మూడు, పాశ్చాత్య జంత్వాత్మకథ బానిసత్వ వ్యతిరేక సాహిత్యపు ఛాయలో ఎదిగినా, చాలావరకు మంచి యజమాని దగ్గరే ఆగిపోయింది. ట్వైన్ కథ అందుకు మినహాయింపు.

నాలుగు, కోనసీమలో విశ్వాసం అనే కొలమానాన్ని కుక్కకు, పాలేరుకు సమానంగా వాడిన చరిత్ర ఉంది. ఆ కొలమానాన్ని నిరాకరించిన భీమన్న వారసత్వమూ ఉంది. ఇక్కడి ఇంటి కుక్క కథను అంచనా వేసే విమర్శకుడు కరుణరసపోషణతో తృప్తిపడక మూడు ప్రశ్నలు అడగాలి. ఈ కుక్కకు అన్నం పెట్టింది ఎవరు? ఇది ఎవరిని చూసి మొరిగింది? తాను చూసిన అన్యాయాన్ని ఇది చెప్పిందా, కనీసం పాఠకునికి కనిపించేలా నిలిపిందా?

ఈ ప్రశ్నలకు జవాబు ఇవ్వగల నవలలో కుక్క విశ్వాసం చెడదు. యజమాని గుట్టు దాచడం ఒక విశ్వాసమైతే, ఆ ఇంట్లో బతికిన అందరి పట్ల నిజం చెప్పడం మరొక విశ్వాసం. జనమేజయుని యాగశాలలో సరమ రెండవదాన్ని ఎన్నుకుంది. తెలుగు పరిశోధన ఇంతవరకు పక్షిదూతలపై, పశుపాత్రలపై చూపిన శ్రద్ధను ఇంటి కుక్కపై కూడా చూపి, జీతగాళ్ల మౌఖికచరిత్రలతో, దళిత ఆత్మకథలతో కలిపి చదివితే, గోదావరి డెల్టా కుటుంబచరిత్రలో ఇప్పటివరకు వాకిటనే ఆగిపోయిన సాక్ష్యాలు లోపలికి వస్తాయి.